కోత అయ్యాకే వచ్చే ఏటి కాపు

స్ట్రాబెర్రీ మడిలో ఆఖరి పండు కోశాక దానివైపు చూసేవాళ్లు తక్కువ. నీళ్లు ఆపేసి, కలుపును వదిలేసి, మళ్లీ వసంతంలో ఎరువు సంచి విప్పుతారు. అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో పెరటి మడి వేసుకునే తెలుగువాళ్లు ఈ వరస మార్చుకోవాలని నా గట్టి అభిప్రాయం. జూన్ ప్రాంతంలో ఒక్కసారే కాసే రకాలకు మరుసటి ఏటి పూమొగ్గలు కట్టేది వసంతంలో కాదు. వేసవి చివర పొద్దు తగ్గి చల్లబడే రోజుల్లో, మొవ్వు లోపల కడతాయి. జులైలో ఎండగట్టిన మొక్కకు ఏప్రిల్‌లో నత్రజని గుమ్మరిస్తే ఆకు ఏపుగా పెరుగుతుంది, పండు మెత్తబడి కుళ్లుతుంది. అంతే తప్ప కట్టని మొగ్గ కట్టదు.

అందుకే కోత ముగిసిన వారం పది రోజుల్లో ఆకులన్నీ కోసెయ్యాలి. మొక్కకు అన్నం వండిపెట్టే ఆకునే కోస్తే ఎలా అని అడగడం సబబే. కానీ కాపు దిగిన మొక్క ఆకును తిప్పి చూడండి. పైన ఊదా మచ్చలు, మచ్చ నడుమ బూడిద తెలుపు, చాలాసార్లు అడుగున నల్లి. ఆ ముదురాకు చేసే మేలు కన్నా అంటించే తెగులే ఎక్కువ. మొవ్వుకు అంగుళం పైన కోసి, ఎరువు వేసి, తడి ఆరనివ్వకపోతే కొన్ని వారాల్లో కొత్తాకు కమ్ముతుంది. మొవ్వుకు కత్తి తగిలిందా, మొక్క పోయినట్టే. ఆగస్టు దాకా జాగు చేసినా, నీళ్లకు కటకటగా ఉన్నా, ఆ ఏడు కోయకపోవడమే మేలు. విడతలు విడతలుగా కాసే రకాలకైతే ఈ కోత అసలు పనికిరాదు.

మనసొప్పని పని ఇంకొకటి, పలచన చెయ్యడం. తీగ సాగి ఊరికే వచ్చిన పిల్లమొక్కను పీకడానికి ఎవరికి చేతులొస్తాయి? అయినా సాలును అడుగు వెడల్పుకు కుదించి, ముదురు తల్లులను తీసేసి, మొక్కకూ మొక్కకూ అర అడుగు ఎడం ఉంచాలి. కిక్కిరిస్తే గాలాడక బూజు పడుతుంది, పండు చిన్నదవుతుంది.

మహాబలేశ్వర్‌లో, మన లంబసింగిలో ఏటా కొత్త నారే నాటుతారు కదా, అక్కడ ఈ బాధ దేనికి అనవచ్చు. నిజమే, మహాబలేశ్వర్ వానలకు పాత మడి నిలవదు. కానీ అక్కడ కోత తర్వాతి శ్రద్ధ నారుమడికి మారిందే తప్ప పోలేదు. తల్లిమొక్కల తీగలకు పిల్లలు వేరూనేది ఆ వానాకాలంలోనే. నారు కొనే రైతు ఒకటి రెండు మొక్కల మొవ్వును నిలువునా చీల్చి చూడాలి. లోపల ఎర్రగోధుమ చారలుంటే ఆ నారు వద్దనాలి.