ఇటలీ చిత్రకళ - మన అభిరుచి

పునరుజ్జీవన కాలపు ఇటలీ చిత్రాలను గొప్పవనడం విద్యావంతులలో ఆనవాయితీ. వాటిని చూసి మనసు కదలనివాడు తన అభిరుచినే శంకించుకుంటాడు. ఆ సంకోచం అనవసరం.

ఆ కీర్తికి ముఖ్యంగా రెండు ఆధారాలున్నాయి. ఒకటి 1550లో వసారి ప్రచురించిన చిత్రకారుల జీవిత చరిత్రలు. ఫ్లారెన్సు అభిమాని అయిన వసారి మైకెలాంజెలోను శిఖరాన నిలిపాడు. తరువాతివారు చాలాకాలం ఆ తీర్పునే వల్లించారు. రెండవది, చదునైన గోడపై లోతును చూపిన గణితం. ఇది నిజమైన ఘనతే. ఇందులో 11వ శతాబ్దపు ఇబ్నుల్ హైసమ్ దృష్టిశాస్త్రానికీ పాలుంది. శిల్పి గిబెర్టి తన గ్రంథంలో దానినుండి విస్తారంగా గ్రహించాడు. ఈ సంగతి మనలో ఎందరికి తెలుసు?

అయితే లోతు ఒక్కటే కళకు కొలబద్దా? పూర్వపు నల్లగొండ జిల్లా పుట్టపాకలో నేసే తేలియా రుమాలు చూడండి. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీటిలో నానబెట్టి, నేతకు ముందే పడుగునూ పేకనూ లెక్క ప్రకారం కట్టి రంగులద్దుతారు. అందులో లోతు లేదు, లెక్క ఉంది. ఈ రకం రుమాళ్ళు ఒకప్పుడు అరబ్బు దేశాలకు ఎగుమతి అయ్యేవి. రఫేల్ ప్రతిభను కాదనను. నా మనసు మాత్రం ఈ రుమాలు దగ్గరే ఆగుతుంది. ఇది కేవలం చేతిపని అని ఒక మిత్రుడు వాదిస్తారు. కట్టిన ముడి ఒకటి జరిగితే గడి ఎలా చెదురుతుందో ఆయన మగ్గం దగ్గర నిలబడి చూడలేదు.