భుజమున శవము, ముఖమున శాంతము

సికింద్రాబాదు స్టేషనులో తండ్రి కొనియిచ్చిన చందమామను కాజీపేట చేరకమునుపే చదివి ముగించి, బెజవాడ దాటులోపల మరల మొదలిడుట మా తరము పిల్లలకు అలవాటు. నేనుమాత్రము పుటలను వరుసగా త్రిప్పినవాడను కాను. ముందుగా బేతాళ కథ ఎచ్చటనున్నదో వెదకి, దాని తొలిపుటనున్న బొమ్మను చూచి, జడిసి పుస్తకము మూసి, బండి మరి రెండు స్టేషనులు దాటిన పిదప తెరచెడివాడను.

ఆ బొమ్మను గీచిన శంకర్, అనగా 1924లో జన్మించిన కె. సి. శివశంకరన్, మద్రాసులో చిత్రకళ నభ్యసించి, నాగిరెడ్డి చక్రపాణులు 1947లో స్థాపించిన ఆ పత్రికలో 1952లో చేరినారు. 2020లో కన్నుమూసిన ఆయనకు మరుసటి యేడు పద్మశ్రీ ప్రకటించిరి. అట్ట ఊడిన పాత ప్రతి నొకదానిని బల్లపై పరచుకొని చూచుచున్నాను. చెట్టునుండి దించిన శవమును మౌనముగా మోసికొనిపోవు రాజు. చేత దూసిన కత్తి, భుజముపై శవము, నేలపై పుఱ్ఱెలు. సిరాగీతలతో శ్మశానమంతటను భయమును నింపిన చిత్రకారులు రాజు ముఖమునుమాత్రము దానినుండి కాపాడినారు. అడుగు తడబడలేదు, చూపు చెదరలేదు. పిల్లలకు భయానక కథ చెప్పు విద్య యంతయు ఇందే యున్నదని నా నమ్మకము: భయమును తుడిచివేయరాదు, దానినడుమ పట్టుకొనుటకొక ముఖము నీయవలెను.

పాశ్చాత్యుల గాథిక్ భయానక కథలకు 1764లో హోరేస్ వాల్పోల్ వ్రాసిన ఒట్రాంటో దుర్గపు కథ ఆది యందురు. కాశ్మీర కవి సోమదేవుడు బేతాళుని ఇరువదియైదు కథలను కథాసరిత్సాగరమున చేర్చినది 11వ శతాబ్దమున. 1870లో బర్టన్ వీనిలో కొన్నింటిని ఇంగ్లీషున వెలువరించినపుడును ఎర్నెస్ట్ గ్రిసే బొమ్మలు వేసెను. కాని అది పెద్దల పుస్తకము. తెనుగు పిల్లలకు దక్కిన కథలో శ్మశానము వాకిలి మాత్రమే. లోపల నున్నవి వర్తకులు, మంత్రులు, వరుల తగవులు, తుదకు శవములోని బేతాళుడు రాజునడుగు ఒక ధర్మసందేహము. జవాబు తెలిసియు చెప్పకున్న రాజు తల పగులును. చెప్పినచో మౌనము భంగమై శవము చెట్టెక్కును. మూలకథలు ముగిసిన పిదపను చందమామవారు క్రొత్త కథలల్లి ఈ వాకిలిని నెలనెల తెరచుచునేయుండిరి. భయపడు చోటు ఎరిగినదే యైనందున బాలుడు అచ్చటికి ధైర్యముగా మరలివచ్చును.

ఇటీవల మనుమరాలికై కొన్న క్రొత్త బేతాళ పుస్తకమున శవము లేదు. నవ్వుమొగపు దయ్యమొకటి మబ్బువలె రాజు వెంట తేలిపోవుచున్నది. పిల్ల ఎక్కడను ఆగక చదివి ప్రక్కన పడవేసినది. నాకు మనసొప్పక నా పాత ప్రతిని తెచ్చి ముందుంచితిని. చూచి, ఉలిక్కిపడి, అరచేతితో శవమును కప్పివేసి, చాలసేపు రాజు ముఖమునే చూచి, పిదప ఒక్కొక్క వ్రేలే తీసినది.