ఇంటి కరెంటు పనిలో ధైర్యానికి ఆధారం

ఇంటి విద్యుత్తు పనుల విషయంలో తెలుగు కుటుంబాల్లో సాధారణంగా రెండు ధోరణులు కనిపిస్తాయి. కరెంటు పేరు వినగానే చెయ్యి వెనక్కి తీసుకుని, వదులైన స్విచ్ మార్చడానికి సైతం ఎలక్ట్రీషియన్ కోసం రోజుల తరబడి ఎదురుచూసేవారు కొందరైతే, కాళ్లకు రబ్బరు చెప్పులున్నాయన్న భరోసాతో మెయిన్ ఆపకుండానే బోర్డు విప్పేవారు మరికొందరు. ఈ భయమూ ఆ తెగువా పైకి పరస్పర విరుద్ధంగా ఉన్నప్పటికీ, గోడ వెనుక తీగల్లో ఏం జరుగుతున్నదో తెలియకపోవడమే రెండింటికీ మూలం. అది తెలుసుకోవడానికి కావలసిన శాస్త్రం చాలావరకు పదో తరగతి భౌతికశాస్త్ర పాఠాల్లో ఉన్నదే. కొరవడింది ఆ పాఠాన్ని గోడ మీది బోర్డుకు అన్వయించి చూసే అలవాటు. ఆ అలవాటు కుదిరినవారు ధైర్యాన్ని విడిగా కూడగట్టుకోనక్కరలేదు, ఎందుకంటే ప్రతి అడుగునూ పరీక్షించుకుని వేసేవారికి ఏ పని తమ చేతిలోనిదో, ఏది కాదో ఆ పరీక్షే చెబుతుంది.

ఎండాకాలంలో తరచుగా ఎదురయ్యే సీలింగ్ ఫ్యాను సమస్యను ఇందుకు ఉదాహరణగా తీసుకోవచ్చు. మామూలు ఫ్యానులో ఉండేది సింగిల్ ఫేజ్ ఇండక్షన్ మోటారు, అంటే తీగచుట్టల్లో పుట్టే అయస్కాంత క్షేత్రం లాగడం వల్ల తిరిగే మోటారు. ఒక్క తీగచుట్టతో ఆ క్షేత్రం ఉన్నచోటనే దిశ మార్చుకుంటూ ఉంటుందే తప్ప గుండ్రంగా తిరగదు కాబట్టి, రెండో తీగచుట్టను అమర్చి, దానితో వరుసలో కెపాసిటర్‌ను కలుపుతారు; కెపాసిటర్ ఆ చుట్టలోని ప్రవాహాన్ని మొదటి చుట్టలోని ప్రవాహం కంటే కొంత ముందుకు జరపడంతో రెండింటి ఉమ్మడి క్షేత్రం తిరగడం మొదలై రెక్కలను తన వెంట తిప్పుతుంది. చాలా ఫ్యానుల్లో ఈ కెపాసిటర్ విలువ 2.5 మైక్రోఫారడ్లు ఉంటుంది. దాని లోపలి పలుచని ప్లాస్టిక్ పొర మీద ఉండే లోహపు పూత, ఏళ్ల తరబడి వేడికీ వోల్టేజి హెచ్చుతగ్గులకూ గురై కొద్దికొద్దిగా హరించుకుపోతున్నకొద్దీ ఆ విలువ పడిపోతుంది; దానితో తిప్పే బలం తగ్గి ఫ్యాను నెమ్మదిస్తుంది, చివరికి మూలుగు తప్ప కదలిక లేని స్థితికి వస్తుంది.

అయితే ఫ్యాను నెమ్మదించిన ప్రతిసారీ దోషం కెపాసిటర్‌దే అనుకోవడం తొందరపాటు అవుతుంది. అదే సమయంలో పక్కగదిలోని ఫ్యాను కూడా నీరసంగా తిరుగుతుంటే లోవోల్టేజీని అనుమానించాలి. రెగ్యులేటరు చివరి అంకె మీద బాగా తిరిగి, తక్కువ అంకెల మీద మాత్రమే ఆగిపోతుంటే రెగ్యులేటరును చూడాలి. స్విచ్ ఆపి రెక్కను చేత్తో తిప్పినప్పుడు బిగుసుకున్నట్టు ఉన్నా, గరగరమన్నా బేరింగు అరిగినట్టు భావించాలి. రెక్కలు ధారాళంగా తిరుగుతూ, కరెంటు ఇచ్చినప్పుడు మాత్రం మూలుగుతూ నిలిచిపోయే ఫ్యానులోనే కెపాసిటర్ మీద అనుమానం బలపడుతుంది. మామూలు ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకునేచోట 30 వాట్ల పరిసరాల్లో నడిచే బీఎల్‌డీసీ ఫ్యానులకు ఈ లక్షణాలు వర్తించవు, ఎందుకంటే వాటి మోటారును ఎలక్ట్రానిక్ సర్క్యూట్ నడిపిస్తుంది. ఈ క్రమంలో ఒక్కొక్క కారణాన్నీ పక్కనపెట్టుకుంటూ పోవడమే మరమ్మతులో బుద్ధి పనిచేసే భాగం. స్క్రూ డ్రైవర్ పట్టడం ఆ తరువాతి మాట.

కెపాసిటర్ మార్చేటప్పుడు పాటించవలసిన సూత్రం ఒక్కటే: పాతదాని మీద ఎన్ని మైక్రోఫారడ్లని ముద్రించి ఉందో కొత్తదానికీ అంతే ఉండాలి, వోల్టేజి స్థాయి అంతకు తగ్గకూడదు. గాలి ఎక్కువ వస్తుందన్న ఆశతో 2.5 ఉన్నచోట 4 మైక్రోఫారడ్ల కెపాసిటర్ వేస్తే రెండో తీగచుట్టలో ప్రవాహం పెరుగుతుంది, వేడి పెరుగుతుంది, వైండింగు త్వరగా కాలిపోతుంది. ఏ తీగ ఏ బిందువుకు బిగించి ఉందో విప్పకముందే ఫోనులో ఫొటో తీసుకోవడం, ఫ్యాను గొట్టాన్ని కొక్కేనికి పట్టి ఉంచే బోల్టులో అడ్డంగా దూర్చిన కాటర్ పిన్ను తుప్పు పట్టకుండా ఉందో లేదో అదే సమయంలో చూడటం, ఈ రెండూ నిమిషాల్లో అయ్యే పనులే అయినా, మొదటిది తప్పుగా కలపడాన్నీ రెండోది ఫ్యాను ఊడిపడటాన్నీ నివారిస్తాయి.

ఉన్నదాని స్థానంలో అలాంటిదాన్నే పెట్టాలన్న ఈ సూత్రం చట్టంలో కూడా ఉండటం గమనించదగిన విషయం. 1956 నాటి భారత విద్యుత్ నియమాలు గానీ, 2010లో సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ జారీ చేసిన, 2023 వరకు అమల్లో ఉన్న భద్రతా నిబంధనలు గానీ, విద్యుత్తు అమరిక పనులను లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు ద్వారా, అర్హత పత్రం పొందిన వ్యక్తి పర్యవేక్షణలోనే జరిపించాలని చెబుతూనే, దీపాలు, ఫ్యానులు, ఫ్యూజులు, స్విచ్‌లు, 250 వోల్టులు దాటని గృహోపకరణాలు మార్చడాన్ని ఆ షరతు నుంచి మినహాయించాయి. ఆ మార్పు అమరిక సామర్థ్యాన్ని గానీ స్వభావాన్ని గానీ ఏ విధంగానూ మార్చకూడదన్నది మినహాయింపుకు పెట్టిన హద్దు. ఇక్కడ సామర్థ్యం అంటే ఆ తీగలూ పరికరాలూ ఎంత ప్రవాహాన్ని మోయగలవన్నది. స్వభావం అంటే అవి ఏ క్రమంలో కలిసి, ఏ రక్షణ కింద పనిచేస్తున్నాయన్నది. పాడైన స్విచ్ స్థానంలో అదే కోవకు చెందిన స్విచ్ పెట్టడం గృహస్థుల పని. గదికి కొత్తగా ఏసీ పాయింటు లాగడం వారి పని కాదు. ఈ గీతను భయపెట్టే నిషేధంగా చదివేవారున్నారు గానీ, గీతకు ఇవతల ఉన్న పనిని నిశ్చింతగా చేసుకోవడానికి అది ఇచ్చిన అనుమతిగా చదవడమే సమంజసం.

సామర్థ్యం గురించిన అవగాహనకు చిన్న భాగహారం చాలు. ఇళ్లకు వచ్చే సరఫరా 230 వోల్టులు కాబట్టి 3,000 వాట్ల గీజరు సుమారు 13 ఆంపియర్లు తీసుకుంటుంది, 1,000 వాట్ల ఇస్త్రీ పెట్టె నాలుగు ఆంపియర్లకు కొంచెం పైన తీసుకుంటుంది. మొదటిదానికి 16 ఆంపియర్ల సాకెట్ ఎందుకు కావాలో, రెండోదానికి 6 ఆంపియర్ల సాకెట్ ఎందుకు చాలునో దీనివల్ల అర్థమవుతుంది. గోడలోని తీగలు కూడా ఇదే లెక్కన దీపాలకు సాధారణంగా 1.5 చదరపు మిల్లీమీటర్లు, పవర్ పాయింట్లకు 2.5, గీజరు, ఏసీ వంటివాటికి 4 చదరపు మిల్లీమీటర్ల అడ్డుకోత వైశాల్యంతో ఉంటాయి. మీటరు దాటిన తరువాత బోర్డులో ఉండే ఎంసీబీ, అంటే ప్రవాహం హద్దు మీరినప్పుడు తనంతట తాను పడిపోయే స్విచ్, ఈ తీగలను కాపాడటానికే ఉన్నది. అది మాటిమాటికీ పడిపోతున్నదని 16 ఆంపియర్లదాన్ని తీసి 32 ఆంపియర్లది పెట్టడం, పాత ఇళ్లలో ఫ్యూజు తీగ స్థానంలో లావుపాటి రాగి పోగులు చుట్టడం, ఇవి రెండూ జబ్బును అలాగే ఉంచి హెచ్చరిక నోరు మాత్రం నొక్కే పనులు. రక్షణ నిద్రపోయిన సర్క్యూట్‌లో ఇక కాలవలసింది తీగే.

పని ఎంత చిన్నదైనా, మొదలుపెట్టే ముందు తీగలో కరెంటు లేదని నిర్ధారించుకోవడం అన్నిటికంటే ముఖ్యమైనది, దురదృష్టవశాత్తూ అన్నిటికంటే అలక్ష్యానికి గురయ్యేది కూడా. తెలుగు ఇళ్లలో ఇందుకు వాడే సాధనం టెస్టరు. దాని లోపలి చిన్న నియాన్ బల్బు, ఫేజు నుంచి పెద్ద నిరోధం గుండా, ఆపై పట్టుకున్నవారి శరీరం గుండా నేలకు పోయే అతి స్వల్ప ప్రవాహంతో వెలుగుతుంది. కాబట్టి పొడి చెక్క స్టూలు మీద నిలబడినప్పుడు ఆ వెలుగు మసకబారవచ్చు, పట్టపగటి వెలుతురులో కంటికి ఆనకపోవచ్చు, బల్బే చెడిపోయి ఉండవచ్చు. టెస్టరు వెలగకపోవడం కరెంటు లేదనడానికి సాక్ష్యం కాజాలదు. అనుభవజ్ఞులు అందుకే ముందు కరెంటు ఉన్నట్టు తెలిసిన పాయింటులో పరీక్షించి, తరువాత పనిచేయవలసిన చోట పరీక్షించి, మళ్లీ మొదటి పాయింటులో పరీక్షించి, సాధనం మధ్యలో మొరాయించలేదని తేల్చుకుంటారు. మల్టీమీటరు వాడినా ఇదే పద్ధతి. సాకెట్‌లోని రెండు రంధ్రాల్లోనూ టెస్టరు వెలిగితే న్యూట్రల్ తీగ ఎక్కడో తెగి, ఆన్‌లో ఉన్న మరో ఉపకరణం గుండా ఫేజు ఇటు తిరిగి వస్తున్నదని అనుమానించవలసి ఉంటుంది.

ఈ సందర్భంలో ఇన్వర్టరును ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మెయిన్ ఆపగానే ఇన్వర్టరు దాన్ని కరెంటు పోవడంగా గ్రహించి, బ్యాటరీ నుంచి అదే 230 వోల్టులను ఫ్యానులకూ దీపాలకూ పంపిస్తుంది. మెయిన్ ఆపానన్న నమ్మకంతో ఫ్యాను తీగను పట్టుకున్నవారికి షాక్ కొట్టేది ఇక్కడే. మెయిన్‌తోపాటు ఇన్వర్టరును కూడా ఆపడం, ఎవరూ తెలియక వెయ్యకుండా బోర్డు దగ్గర ఒక చీటీ అంటించడం లేదా మనిషిని నిలబెట్టడం, ఆ తరువాతే టెస్టరుతో మూడంచెల పరీక్ష జరపడం ఈ పనిలో విడదీయరాని వరుస.

ఇంటి విద్యుత్తులో దోషాలు తీగ మధ్యలో కంటే తీగ చివర, అంటే స్క్రూ కింద బిగించిన అతుకు దగ్గర ఎక్కువగా పుడతాయి. పుట్టే వేడి ప్రవాహపు వర్గాన్ని నిరోధంతో గుణించినంత ఉంటుందని పాఠ్యపుస్తకాలు చెప్పే సూత్రానికి అసలైన అర్థం ఇక్కడ తెలుస్తుంది: గీజరు తీసుకునే 13 ఆంపియర్లు అర ఓము నిరోధం ఉన్న వదులు అతుకు గుండా పోతే, ఆ ఒక్క బిందువు దగ్గరే దాదాపు 85 వాట్ల వేడి పుడుతుంది. 25 వాట్ల సోల్డరింగ్ ఐరను సీసపు తీగను కరిగించగలదన్నది గుర్తుంచుకుంటే, ప్లగ్గు పిన్నులు నల్లబడటానికీ సాకెట్ నుంచి కాలిన వాసన రావడానికీ వేరే కారణం వెతకనక్కరలేదు. ప్రవాహం హద్దు మీరలేదు కాబట్టి ఎంసీబీ ఈ ప్రమాదాన్ని గుర్తించలేదు. గుర్తించగలిగినది ఇంటివారి కన్నూ ముక్కూ మాత్రమే. తీగ చివర నల్లబడిన మేరకు కత్తిరించి, మెరిసే రాగి కనిపించేలా పై తొడుగు ఒలిచి, పోగులన్నీ మెలిపెట్టి స్క్రూ కిందకు పూర్తిగా చేర్చి గట్టిగా బిగించి, తీగను మెల్లగా లాగి చూడటం అనే ఈ చిన్న పని శ్రద్ధగా నేర్చుకున్నవారు ఇంటి విద్యుత్తు పనిలో సగం నేర్చుకున్నట్టే.

రక్షణకు సంబంధించిన మరో రెండు ఏర్పాట్లు కంటికి కనిపించనివి కావడం వల్ల నిర్లక్ష్యానికి గురవుతున్నాయి. మూడు పిన్నుల ప్లగ్గులో పైన ఉండే ఎర్తు పిన్ను మిగతా రెండింటికంటే పొడవుగా ఉండటానికి కారణం, ఉపకరణపు లోహపు ఒంటికి భూమితో సంబంధం కరెంటు కంటే ముందు ఏర్పడి, తీసేటప్పుడు చివరిగా తెగాలన్నదే. ఆ పిన్నును విరగ్గొట్టి రెండు పిన్నులతో నెట్టుకురావడం, పెరట్లో ఉప్పు, బొగ్గు వేసి పూడ్చిన ఎర్తు గుంతను ఎండాకాలమంతా ఎండబెట్టడం ఆ రక్షణను చేతులారా తీసివేయడమే. రెండోది ఆర్‌సీసీబీ. ఇది ఫేజులో వెళ్లే ప్రవాహాన్నీ న్యూట్రల్‌లో తిరిగివచ్చే ప్రవాహాన్నీ పోల్చి, తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేసరికి, అంటే ఎవరి శరీరం గుండానో నేలకు కారుతున్నదని భావించదగిన స్థాయిలో, సెకనులో మూడో వంతు గడవకముందే సరఫరాను ఆపేస్తుంది. దాని మీద ఉండే టెస్టు మీటను తయారీదారు చెప్పిన వ్యవధిలో నొక్కి, పడిపోతున్నదో లేదో చూడాలి. ఒక చేత్తో ఫేజునూ మరో చేత్తో న్యూట్రల్‌నూ పట్టుకున్నవారిని మాత్రం అది మామూలు ఉపకరణంగానే లెక్కగడుతుంది కాబట్టి, దాన్ని నమ్ముకుని మెయిన్ ఆపకుండా పనిచేయడం ఎంతమాత్రం తగదు.

ఇంటివారు దూరంగా ఉండవలసిన పనులు కూడా ఇదే తర్కం నుంచి తేలుతాయి. స్తంభం నుంచి మీటరుకు వచ్చే సర్వీసు వైరును ఇంటి మెయిన్ ఆపలేదు, కాబట్టి దాని జోలికి పోకూడదు. బట్టలారేసే ఇనుప తీగ దండేన్ని ఆ వైరుకు గానీ స్తంభానికి గానీ తగిలేలా కట్టకూడదు. మైక్రోవేవ్ ఓవెన్ లోపలి కెపాసిటర్ ప్లగ్గు తీసేసిన తరువాత కూడా ప్రాణం తీయగల వోల్టేజీని నిలుపుకుని ఉండగలదు కాబట్టి దాన్ని విప్పకూడదు. గీజరు నీళ్లలో చిమచిమ అనిపిస్తే వాడకం వెంటనే ఆపాలి. బోర్డులో ఎంసీబీ పదేపదే పడిపోతుంటే కారణం తెలిసేదాకా దాన్ని మళ్లీ మళ్లీ లేపకూడదు.

వీటికోసం పిలిపించే ఎలక్ట్రీషియన్, ఐటీఐలో రెండేళ్ల శిక్షణ పొందినవాడైనా, పెద్ద మేస్త్రీ దగ్గర పనిచేస్తూ నేర్చుకున్నవాడైనా, ఇంటివారి అవగాహన వల్ల నష్టపోడు. ఏ ఎంసీబీ ఏ గదికి చెందినదో పేరు రాసి అంటించి, దోషం ఎప్పుడు, ఏ ఉపకరణం వేసినప్పుడు వస్తున్నదో స్పష్టంగా చెప్పగలిగిన ఇంట్లో అతని నైపుణ్యం వెతుకులాటలో వృథా కాకుండా అసలు పనికి వినియోగమవుతుంది, అతని కష్టానికి తగిన విలువా దక్కుతుంది. ఈ విద్య ఇంటి మగవారికే పరిమితమై ఉండటానికి కూడా న్యాయమైన కారణమేదీ లేదు. పగలంతా మిక్సీతో, గ్రైండరుతో, ఇస్త్రీ పెట్టెతో పనిచేసేది ఎక్కువగా మహిళలే అయినప్పుడు, తీగ తొడుగు పగుళ్లనూ ప్లగ్గు వేడినీ ముందుగా గమనించగలిగేదీ వారే. హైస్కూలు వయసు ఆడపిల్లలకూ మగపిల్లలకూ, పెద్దల కనుసన్నలలో, కరెంటుతో సంబంధం లేని విడి ప్లగ్గు మీద తీగ ఒలవడం, బిగించడం, మెయిన్ ఎక్కడుందో చూసి ఆపడం నేర్పితే, వారు పెద్దయ్యాక తమ చేతికి అందే పనిని శ్రద్ధగా పూర్తిచేస్తారు, అందని పని దగ్గర సంకోచం లేకుండా ఆగి, తెలిసినవారిని పిలుస్తారు. ఇంటి కరెంటు పనిలో ధైర్యం అని చెప్పుకోదగినది ఈ రెండూ కలిసినదే.