ఆమెను మాట్లాడనివ్వండి

గత ఆదివారం రాత్రి ఒక పరిషత్తు పోటీల్లో చూసిన నాటిక ఈ వారమంతా నన్ను వదల్లేదు. భర్తకు మతిమరుపు మొదలైంది. ఆ సంగతి భార్య ఒక్కతికే తెలుసు. పెళ్లి పిలుపుకని ఆమె పెదనాన్న కొడుకు వచ్చాడు. "అమ్మాయి ఎలా ఉంది బావగారూ?" అన్నాడు. ఆయన నోరు తెరిచేలోపే ఆవిడ అందుకుంది: "మన సుజాతా? దానికేం అన్నయ్యా, నిన్ననే ఫోన్ చేసింది." కూతురి పేరు అలా భర్త చెవిన పడేసింది. అక్కణ్నుంచి అరగంటసేపు ఆగకుండా మాట్లాడింది. కాఫీలో చక్కెర, ఊళ్లో తిరునాళ్లు, కరెంటు బిల్లు. అడిగిన ప్రతి ప్రశ్నకూ ఆయనకంటే ముందు ఆమే జవాబు. తన మనిషిని ఎవరూ తక్కువగా చూడకూడదని ఆమె పడే తాపత్రయం వెనక వరసలో కూర్చున్న నాకూ అందింది.

తర్వాత డాక్టరు పాత్ర ప్రవేశించింది. జబ్బు లక్షణాలు చెప్పింది, పిల్లల బాధ్యత గురించి ఉపన్యసించింది. కీబోర్డు మీద విషాద రాగం మొదలైంది. భార్య వేదిక ముందుకు వచ్చి, వేలాడే మైకు కింద నిలబడి, తానెంత భయపడుతోందో భయమనే మాటతోనే చెప్పింది. చప్పట్లు మోగాయి. నాకు కోపం వచ్చింది.

ఈ శీర్షిక చదివేవాళ్లకు నా పాత పోరు తెలుసు. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టిన నాటినుంచీ మన నాటకాన్ని నిలబెట్టినవాటిలో పరిషత్తులు ముఖ్యమైనవి. ఆ రుణం తీరనిది. కానీ పోటీకి కొన్ని గుణాలుంటాయి. నటికి బహుమతి, సంగీతానికి బహుమతి, రంగాలంకరణకు బహుమతి. ఎవరికి వారు తమ పని విడిగా కనబడాలని చూస్తారు. ఇద్దరు మనుషుల మధ్య జరగాల్సింది ప్రేక్షకుల వైపు తిరుగుతుంది. తండ్రీకొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా పోట్లాడుకోవడం మన రంగస్థలం మీద ఎన్నిసార్లు చూడలేదు! అందుకే మాటలు తగ్గించండని, మౌనానికి చోటివ్వండని ఏళ్లుగా రాస్తున్నాను.

మౌనానికి సాక్ష్యంగా నేనెప్పుడూ చెప్పేది స్వీడిష్ రచయిత స్ట్రిండ్‌బర్గ్ నాటిక 'ది స్ట్రాంగర్'. 1889లో కోపెన్‌హాగెన్‌లో ఆడారు. మాట్లాడే పాత్రను ఆయన భార్య సిరి వాన్ ఎసెన్ వేసింది. క్రిస్మస్ ముందురోజు, కాఫీ దుకాణంలో ఇద్దరు నటీమణులు. ఒకామెకు పెళ్లయింది, రెండో ఆమెకు కాలేదు. ఆ రెండో ఆమె నాటిక మొత్తంలో ఒక్క మాట మాట్లాడదు. మౌనం గొప్పదనడానికి ఇంతకన్నా ఏం కావాలి అనుకునేవాణ్ని.

ఈ వారం దాన్ని మళ్లీ చదివాను. ఈసారి నా చూపంతా మాట్లాడే ఆమె మీదే నిలిచింది. పిల్లలకు కొన్న బొమ్మలు చూపిస్తుంది. భర్తకోసం తులిప్ పూలు కుట్టిన చెప్పులు చూపిస్తుంది. తనకు తులిప్‌లంటే అసహ్యమట, ఆయనకు మాత్రం ప్రతిదాని మీదా అవే ఉండాలట. నవ్వుతూ అంటుంది. మాట మీద మాట దొర్లుతుంటే, ఆ తులిప్‌లు ఎదుటి ఆమె ఇష్టమని, తన ఇంట్లో ఇన్నాళ్లూ ఆమె ఇష్టాలే నడిచాయని తన నోటితోనే తెలుసుకుంటుంది. చివరికి గెలుపు తనదేనని ప్రకటించి ఇంటికి వెళ్లిపోతుంది. ఆమె గుండెను బయటపెట్టింది ఎదుటి ఆమె మౌనం ఒక్కటే కాదు, ఆగలేని ఆమె మాట కూడా.

చదువుతుంటే రేడియో నాటకాలు గుర్తొచ్చాయి. మా తరానికి రేడియో ముందు కూర్చుని నాటకం వినడం ఒక నియమం. చలం 'పురూరవ'లో శారదా శ్రీనివాసన్ ఊర్వశిగా పలికిన తీరు విన్నవాళ్లు ఈనాటికీ దాని గురించి మాట్లాడుకుంటారు. రేడియోలో కళ్లు కనబడవు, చేతి వణుకు కనబడదు. మౌనమన్నా నాలుగైదు క్షణాలే. అంతకు మించితే కరెంటు పోయిందనుకునేవాళ్లం. ఉన్నదల్లా గొంతు. రాజరికమంతా పక్కనపెట్టి ఒక స్త్రీ ముందు నిలబడిన మగవాడి నిస్సహాయత ఆ మాటల్లోంచే మా ఇళ్లలోకి వచ్చింది. పక్కన పెద్దవాళ్లున్నారని తల వంచుకుని విన్నాం. మాటలు ఎక్కువయ్యాయని ఆ వేళ ఎవరికీ అనిపించలేదు.

కాబట్టి ఇన్నాళ్లూ మౌనం తరఫున వాదించిన నేను ఈ వారం మాట పక్షాన నిలబడుతున్నాను. మన ఇళ్లలో మనుషులు నోరు మూసుకుని బాధ దాచుకోవడం తక్కువ. మాట్లాడుతూ దాచుకుంటారు. కూతురు కాపురం చెడిందని తెలిసిన తల్లి ఆ రోజు కూరల ధరల గురించి మామూలుకన్నా ఎక్కువ మాట్లాడుతుంది. అప్పులపాలైన తండ్రి పెళ్లి భోజనాల దగ్గర అందరికంటే గట్టిగా నవ్వుతాడు. ఈ ధోరణి తెలుగు నాటిక రచయితకు పుట్టుకతో వచ్చిన ఆస్తి. మాట ఎక్కువైనందువల్ల నాటిక చెడదు. పాత్ర తన బాధకు తానే పేరు పెట్టుకుని అప్పజెప్పిన క్షణంలో చెడుతుంది. ఆ భార్య చక్కెర గురించి మాట్లాడినంతసేపూ మనం ఆమెతో భయపడ్డాం. భయమని చెప్పగానే మనకిక పని లేకుండా పోయింది.

రచయితలారా, మీ పాత్రల్ని కడుపునిండా మాట్లాడనివ్వండి. అసలు సంగతి తప్ప అన్నీ మాట్లాడనివ్వండి. డాక్టరునూ, లాయరునూ, ఉపన్యాసమిచ్చే స్నేహితుణ్నీ వేదిక ఎక్కించకండి. న్యాయనిర్ణేతలారా, చివరి పది నిమిషాల ఏడుపుకు కాదు, దానికి ముందు గడిచిన ఆ అరగంటకు మార్కులు వేయండి.