గుంయ్‌మన్న రొద ఎటు పోయింది

ఇచ్చోడలో నేను గిటారు వాయించే గదిలో నెత్తిన ట్యూబ్‌లైటు, గోడ అవతల పిండి గిర్ని. ఆంప్లిఫయర్ పెట్టగానే గుంయ్‌మని రొద. చెయ్యి తీగల మీద ఆనిస్తే కాస్త తగ్గేది, తీస్తే మళ్లీ మొదలు. గిర్నిని అని లాభం లేదు. గిటారు మెడ దగ్గరున్నది సింగిల్ కాయిల్ పికప్: అయస్కాంతాల చుట్టూ వేల చుట్లు తిరిగిన సన్నని రాగి తీగ. పైన ఉక్కు తీగ ఊగితే అందులో కరెంటు పుడుతుంది, అదే మనం వినే పాట. అయితే చుట్టుపక్కల వైర్ల నుంచి వచ్చే 50 హెర్ట్జ్ రొదను కూడా ఆ కాయిల్ అంతే శ్రద్ధగా పట్టుకుంటుంది.

ఈ రెంటినీ విడదీసిన పికప్ హంబకర్. అమెరికాలోని కలమజూ ఊళ్లో గిబ్సన్ కంపెనీ ఇంజనీరు సేత్ లవర్ 1955లో దానికి పేటెంటు అడిగాడు, 1959లో వచ్చింది. ఈలోపే, 1957లో, అది ఆ కంపెనీ లెస్ పాల్ గిటార్ల మీదికి ఎక్కింది. అడుగున 'పేటెంట్ అప్లైడ్ ఫర్' అని చిన్న కాగితం అంటించేవాళ్లు. అందుకే ఆ పాత పికప్‌లకు పీఏఎఫ్ అనే పేరు నిలిచిపోయింది.

నేను కొన్నది పైమూత లేని రకం. బిగించేముందు బోరు మోటార్లకు వైండింగ్ చేసే అన్నకు చూపించాను. పత్తి చేన్ల కాలమంతా రాగి తీగతో బతికే మనిషి. టేపు అంచు లేపి, కళ్లద్దాలు పైకి నెట్టి, చాలాసేపు చూశాడు. "గింత సన్నగుంటదా తమ్మీ తీగ? ముట్టుకుంటేనే తెగేటట్టున్నది" అన్నాడు. నిజమే. 42 గేజీ తీగ మందం 0.063 మిల్లీమీటర్లు. ఒక్కో కాయిల్‌కు ఇంచుమించు 5,000 చుట్లు. లెక్క కడితే ఒక్కో కాయిల్‌లోనే ఆరేడు వందల మీటర్ల తీగ, అదీ అరచేతిలో ఇమిడిపోయే వస్తువులో.

నాకు అన్నిటికన్నా ముచ్చటేసింది దాని అడుగుభాగం. రెండు కాయిళ్ల మధ్య, కింద, ఒకటే అయస్కాంతం పడుకుని ఉంటుంది. దాని ఒక అంచు ఒక కాయిల్‌లోని ఇనుప ముక్కలకు ఆనుతుంది, రెండో అంచు రెండో కాయిల్‌లోని స్క్రూలకు. కాబట్టి తీగలవైపు ఒక కాయిల్ ఉత్తర ధ్రువం చూపిస్తే రెండోది దక్షిణ ధ్రువం చూపిస్తుంది. కాయిళ్లను కలిపే తీరు కూడా ఎదురెదురే. బయటి రొద రెండింట్లోకీ సమానంగా వస్తుంది, ఎదురుపడి కొట్టుకుపోతుంది. తీగ నుంచి పుట్టిన ధ్వనికి ధ్రువం ఒకసారి, చుట్టు ఒకసారి తారుమారవుతాయి. రెండుసార్లు తిరగేసిన అంగీ మళ్లీ సరైన వైపుకే వచ్చినట్టు, ఆ రెండు ధ్వనులూ ఒకదానితో ఒకటి కలిసి బలపడతాయి. ఒక్క అయస్కాంతంతో రెండు పనులు చేయించిన ఆ పొదుపుకు నేను దండం పెడతాను. వైండింగ్ అన్నకు ఇది విడమరిచి చెప్పాల్సిన పని పడలేదు. "రెండు ఫేజులు మారిస్తే మోటరు ఉల్టా తిరుగుతది గద, గట్లనే" అన్నాడు.

పాత పికప్ గుంటలో ఇది పట్టదు. ఒకటిన్నర అంగుళం వెడల్పు కావాలి. ఊళ్లోని వడ్లాయన గీత గీసుకుని, ఉలితో పొరలు పొరలుగా తీసి, గంటలోపు గుంట వెడల్పు చేశాడు. అంచున ఎక్కడా పెచ్చు లేవలేదు.

మెడ దగ్గరే ఎందుకంటే, అక్కడ పికప్, తీగలు కింది చివర ఆనే బ్రిడ్జి నుంచి తీగ పొడవులో దాదాపు పావు వంతు దూరంలో ఉంటుంది. అక్కడ తీగ వెడల్పుగా ఊగుతుంది, మూలస్వరం నిండుగా పలుకుతుంది. ఆ నిండుతనమే శ్రుతి మించితే మొద్దుబారుతుంది. మొదటిరోజు నాకు అదే జరిగింది. సింగిల్ కాయిల్‌కు వాడే 250 కిలో ఓమ్‌ల వాల్యూమ్ కంట్రోల్‌నే ఉంచేశాను, ధ్వనికి దుప్పటి కప్పినట్టయింది. 500 కిలో ఓమ్‌లది టంకం పెట్టి, మందపు తీగలవైపు పికప్‌ను కొద్దిగా దించితే తేటపడింది. అయినా సింగిల్ కాయిల్‌లో వినిపించే గజ్జెల తళుకు ఇందులో రాదు, ఆ మాట ఒప్పుకోవాలి. రోలింగ్ స్టోన్స్ బ్యాండు కీత్ రిచర్డ్స్ తన 1950ల టెలికాస్టర్ గిటారుకు మెడ దగ్గర మాత్రమే గిబ్సన్ హంబకర్ పెట్టించి, బ్రిడ్జి దగ్గర సింగిల్ కాయిల్‌నే ఉంచుకున్నాడు. నేనూ అదే దారి పట్టాను.

మన రాగాలకు రొద లేకపోవడం మరీ అవసరం. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ జంట తీగల మాండలిన్‌ను ఒంటి తీగలకు మార్చి, ఎలక్ట్రిక్ చేసి వాయించాడు. ఎందుకంటే మీటిన స్వరం త్వరగా ఆరిపోతే గమకానికి చోటుండదు. ఆరిపోతున్న స్వరం వెనక రొద లేచినా అంతే, గమకం చివరి ఊపు దాంట్లో మునిగిపోతుంది.

ఆ సాయంత్రం మోహన రాగంలో గాంధారాన్ని నెమ్మదిగా లాగి వదిలాను. స్వరం సన్నబడి, సన్నబడి, చివరి వణుకు దాకా వినిపించింది. అది ఆగాక ఆంప్లిఫయర్‌లో ఏమీ లేదు. గోడ అవతల గిర్నిలో ఎవరో జొన్నలు పోస్తున్న చప్పుడు మాత్రం చెవికి తెలిసింది.