నడుము సన్నబడిన మేకు

కాచిగూడ స్టేషను పక్క సందులో మా ఇల్లు. నా రాతబల్ల మీద జానెడు ఇనుప మేకు ఒకటి పడి ఉంటుంది. వచ్చినవాళ్ళంతా అది రైలు పట్టాల తాలూకు అనుకుంటారు. 1916లో కట్టిన స్టేషను పక్కన కాపురమాయె, వాళ్ళ తప్పేం లేదు. అది తాళ్ళరేవులో మరమ్మతు కోసం ఒడ్డెక్కించిన చెక్క బోటు అడుగు దూలంలోంచి పీకిన మేకు. తల నిండుగా ఉంది, మొన గట్టిగానే ఉంది, నడుము మాత్రం డమరుకంలా అరిగి పుల్లంత అయింది. పీకిన మేస్త్రి దాన్ని నా చేతిలో పెట్టి, "తల చూసి మోసపోకండి బాబూ, నడుం చూడండి" అన్నాడు.

మేకు నడుమే ఎందుకు అరుగుతుంది? పలకకీ దూలానికీ మధ్య సందు ఉండేది సరిగ్గా అక్కడ. ఉప్పునీరు ఆ సందులోకి ఊరుతుంది, ఒకసారి ఊరితే ఆరదు. తల రంగు కింద, మొన కర్ర లోపల క్షేమంగా ఉంటాయి. కర్ర కూడా ఊరికే ఉండదు. తుమ్మలో, మద్దిలో వగరు ఉంటుంది. వెనకటికి కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపి సిరా కాచేవారు కదా, మద్దీ కరక్కాయా ఒకే జాతి చెట్లు, అన్నభేది ఇనుప లవణం. పాత బోటులో మేకు చుట్టూ కనిపించే నల్లని వలయం అచ్చంగా ఆ సిరాయే. ఆపైన ఇనుముకన్నా తుప్పు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. పట్టి ఉంచాల్సిన మేకే ఉబ్బి కర్రను చీలుస్తుంది, చుట్టూ కర్ర మెత్తబడి పొట్టులా రాలుతుంది.

మన తీరంలో ఈ జబ్బే ఎరగని పడవలు ఉండేవి. తెప్పకు మేకు లేదు, దుంగల్ని తాళ్ళతో కట్టడమే. మసూలా పడవకూ మేకు లేదు. పలకల అంచుల వెంట రంధ్రాలు పొడిచి, కొబ్బరి పీచు తాడుతో బట్ట కుట్టినట్టు కుట్టేవారు. కోరమండల్ తీరంలో కెరటాలు విరిగే చోట బిగుసుకున్న పడవ పగులుతుంది, కుట్టు పడవ ఒంగి లేస్తుంది. తాడు చివికితే కుట్లు విప్పి మళ్ళీ కుట్టుకునేవారు. తుప్పంటే ఏమిటో తెలియని పడవ అది. దాన్ని వెనకబడిన పనితనమని రాసినవాళ్ళు బహుశా కెరటంలో పడవ దింపి ఉండరు.

మేకుల ఓడలకు మన దగ్గర పేరు మోసిన రేవు కోరంగి. గోదావరి పాయ ఒడ్డున ఓడలు కట్టేవారు, దూరం నుంచి వచ్చినవాటిని బాగు చేసేవారు. ఇక్కడి నుంచి రంగూన్‌కు ఎంతమంది వెళ్ళారంటే, బర్మాలో తెలుగువాళ్ళకు కోరంగీలనే పేరు పడింది. 1789లో ఒకసారి, 1839లో మరోసారి తుపాను ఉప్పెన ఊరిని ఊడ్చేసింది. రేవు పోయినా పని చుట్టుపక్కల మిగిలింది. పక్కనే ఉన్న తాళ్ళరేవులో ఇవాళ్టికీ చేపల బోట్లు చెక్కతో కడుతున్నారు.

మేస్త్రి పని చూస్తూ రెండు రోజులు అక్కడే కూర్చున్నాను. ముందు సుత్తితో అడుగంతా తట్టుకుంటూ వెళ్ళాడు. బిగువుగా ఉన్న చోట కంగుమంటుంది, వదులైన చోట తడి గోనెను కొట్టినట్టు మోగుతుంది. అలాంటి ప్రతిచోటా సుద్దతో గీత పెట్టాడు. మేకును పీకే ముందు ఒక దెబ్బ లోపలికి కొట్టాడు. పీకాల్సినదాన్ని దిగ్గొట్టడమేమిటని అడిగితే నవ్వాడు: "తుప్పు పట్టు విడవాలి కదండీ." ఒక మేకు తీసి దాని బదులు కొత్తది బిగించాకే రెండోది తీస్తాడు. అన్నీ ఒకేసారి పీకితే దూలం జరిగి బోటు వంకర పోతుంది. మెత్తబడిన కర్రను గట్టి కర్ర తగిలేదాకా ఉలితో గీకి, పాత రంధ్రంలో కర్ర చీల దిగ్గొట్టాడు. కొత్త మేకు అందులోకి పోదు. వేలెడు ఎడంగా, అదే నార వరసలో పడకుండా కొంచెం ఏటవాలుగా మరో రంధ్రం, మేకుకన్నా సన్నంగా. మేకు తల కింద నూలు చుట్టి, గుగ్గిలం, నూనె కలిపిన ముద్ద పూశాడు. లోపలివైపు పొడుచుకొచ్చిన మొనను వంచి కర్రలోకి కరిపించాడు. మేకులకు జింకు పూత ఉంది. అడ్డదిడ్డంగా కొడితే తల మీది పూత రాలిపోతుందని సాయంగా ఉన్న కుర్రాడి చేతిలోంచి సుత్తి లాక్కోవడం కూడా చూశాను.

నేటి పెద్ద తెరచాప పడవల్లో ఇదే గొడవ మరింత ప్రాణాంతకం. గాలికి బోర్లా పడకుండా వాటి అడుగున సీసమో పోత ఇనుమో పెద్ద బరువు బోల్టులతో వేలాడుతుంది. ఆ బోల్టు తల పడవలో కనిపిస్తుంది, నడుము కనిపించదు. స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టయితే దిగుల్లేదనుకుంటాం. వంటింటి గిన్నె మెరిసేది గాలిలో ఆక్సిజన్ తగిలి పైన పలచని పొర కట్టబట్టే. గాలి చొరబడని ఇరుకులో, నిలిచిన ఉప్పునీటిలో ఆ పొర నిలవదు, బోల్టుకు గుంటలు పడతాయి. 2014 మేలో అట్లాంటిక్‌లో చీకీ రఫీకీ అనే పడవ అడుగు బరువు ఊడిపోయింది, నలుగురు పోయారు. అంతకుముందు నేలకు తగిలిన దెబ్బలు, వాటికి చేసిన మరమ్మతులు పట్టు సడలించి ఉండొచ్చని దర్యాప్తు తేల్చింది. 2017 సెప్టెంబరు నుంచి 2018 మే దాకా 254 రోజులు భూమి చుట్టి వచ్చిన నేవీ పడవ తారిణిలో విశాఖ అమ్మాయి పాతర్లపల్లి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి ఉన్నారు. దక్షిణ సముద్రంలో వాళ్ళను నిటారుగా నిలిపింది అలాంటి అడుగు బరువే.

ఉప్పునీటిలో రెండు లోహాలు తగిలితే ఒకటి క్షీణిస్తుందన్న సంగతి తెలియక బ్రిటిష్ నేవీ కూడా దెబ్బ తింది. 1761లో అలారం అనే యుద్ధనౌకకు రాగి రేకు తొడిగారు. రెండేళ్ళకు చూస్తే రాగి తగిలిన ఇనుప మేకులు క్షీణించిపోయి ఉన్నాయి, మధ్యలో కాగితం అడ్డుపడినచోట మేకులు బాగున్నాయి. ఒకటి క్షీణిస్తే పక్కది బతుకుతుందన్న సూత్రాన్ని 1824లో హంఫ్రీ డేవీ రాగిని కాపాడడానికి వాడాడు. ఇవాళ బోటు అడుగున బిగించే జింకు దిమ్మ చేసేదీ అదే. అది కరిగిపోతుంటే బాగా పనిచేస్తున్నట్టు లెక్క.

మా హుస్సేన్ సాగర్‌లో పందేలకు దిగే చిన్న పడవలకు అడుగు బరువు ఉండదు, నీళ్ళలోకి దించే పలక ఒకటే. కాబట్టి ఈ జబ్బు హైదరాబాద్‌లో కనిపించదు. జబ్బు తెలిసిన చదువు మాత్రం ఇక్కడే ఉంది. మా ఇంటి నుంచి కాస్త దూరంలోనే ఉస్మానియా ఇంజినీరింగ్ కాలేజీ, దాన్ని దాటితే తార్నాకలో రసాయన సాంకేతిక సంస్థ. క్యాంపస్‌లో తెలుగు శాఖా ఉంది. లోహం చదివిన పిల్ల ఒకరు, మాటలు ఏరే పిల్లాడు ఒకరు కలిసి నాలుగు రోజులు తాళ్ళరేవు వెళ్ళి రండి. దూలానికి, చీలకు, ముద్దకు, సుత్తి మోతకు మేస్త్రులు వాడే పేర్లు వాళ్ళ నోటనే రాసుకోండి. పీకి పారేసిన మేకులు నాలుగు అడిగి తెచ్చుకోండి, ఊరికే ఇస్తారు.