పెద్ద నమూనా ఓడకు తగిన మోటారు

రేడియోతో నడిచే పెద్ద నమూనా ఓడకు విద్యుత్ మోటారును ఎంచుకునేటప్పుడు లెక్క ఓడతో మొదలై, ప్రొపెల్లరు మీదుగా మోటారుకు చేరాలి. ఎంత బరువున్న ఓడ ఎంత వేగంతో పోవాలో తేలితే దానికి తగిన ప్రొపెల్లరు తేలుతుంది. ప్రొపెల్లరు తేలితే అది నిమిషానికి ఎన్ని చుట్లు తిరగాలో, దాన్ని తిప్పడానికి ఎంత బలం కావాలో తెలుస్తుంది. బ్యాటరీ, స్పీడ్ కంట్రోలర్ ఆ తరువాతి మాట. ముందు మోటారు కొని, దానికి ఓడను సర్దబోతే బ్యాటరీ త్వరగా అయిపోవడమో, మోటారు కాలిపోవడమో జరుగుతుంది.

నమూనా ఓడలను లెక్కగట్టే ఈ విద్యకు నూటయాభై ఏళ్ల చరిత్ర ఉంది. ఇంగ్లండులో విలియం ఫ్రూడ్ 1870ల తొలినాళ్లలో టార్కీ పట్టణంలో పొడవైన నీటితొట్టె కట్టించి, ఓడల నమూనాలను లాగించి, వాటిపై నీటి నిరోధాన్ని కొలిచాడు. 1898లో న్యూయార్క్‌లో నికోలా టెస్లా బ్యాటరీతో, విద్యుత్ మోటారుతో నడిచే చిన్న పడవను తీగ లేకుండా రేడియో అలలతో అదుపు చేసి చూపించాడు. నేడు విశాఖపట్నంలోని నౌకా శాస్త్ర సాంకేతిక ప్రయోగశాలలో 500 మీటర్ల పొడవైన తొట్టె ఉంది. తమ మోటార్లతో తామే తిరిగే నమూనాల కోసం అక్కడ మరో విశాలమైన కొలను కూడా ఉంది. అభిరుచితో ఓడ చేసేవారికి, నౌకాదళం కోసం పరీక్షలు చేసే ఇంజనీర్లకు ఆధారమైన సూత్రం మాత్రం ఒక్కటే.

ఆ సూత్రం ఫ్రూడ్‌దే. నమూనా లేపే అలలు అసలు ఓడ అలల్లాగే ఉండాలంటే, ఓడ వేగాన్ని స్కేలు వర్గమూలంతో భాగించాలి. బరువును స్కేలు ఘనంతో భాగించాలి. 100 మీటర్ల పొడవు, 5,000 టన్నుల బరువు, 15 నాట్ల వేగం ఉన్న సరుకు ఓడను 50వ వంతు స్కేలులో చేశారనుకుంటే, నమూనా పొడవు 2 మీటర్లు, బరువు 40 కిలోలు. 50 వర్గమూలం సుమారు 7 కాబట్టి వేగం సెకనుకు ఒక మీటరు పైచిలుకు, అంటే మనిషి నిదానంగా నడిచే వేగం. అసలు ఓడకు 4 మీటర్ల ప్రొపెల్లరు నిమిషానికి 150 చుట్లు తిరిగితే, నమూనాకు 8 సెంటీమీటర్ల ప్రొపెల్లరు సుమారు 1,060 చుట్లు తిరగాలి.

శక్తి ఇంకా వేగంగా తగ్గుతుంది. అసలు ఓడకు 3,000 కిలోవాట్లు కావాల్సిన చోట ఈ లెక్క ప్రకారం నమూనాకు నాలుగు వాట్లు కూడా అక్కర్లేదు. అయితే చిన్న ఓడకు నీటి ఒరిపిడి నిష్పత్తిలో ఎక్కువ. షాఫ్టులో, మోటారులో నష్టాలుంటాయి. ఎదురుగాలికి, ఆగిన ఓడను కదిలించడానికి కొంత మిగులు కావాలి. అందుకని 15 నుంచి 20 వాట్లు తేలిగ్గా ఇవ్వగల మోటారును ఎంచడం మంచిది. 40 కిలోల బరువు చూసి భారీ మోటారు పెట్టనక్కర్లేదు. కావలసింది తక్కువ చుట్లలో ఎక్కువ టార్క్, అంటే ఇరుసును తిప్పే బలం.

మోటారుపై భారం పెంచేది ముఖ్యంగా ప్రొపెల్లరు వ్యాసం. చుట్లు మారకుండా వ్యాసం పదో వంతు పెరిగితే, కావలసిన శక్తి దాదాపు 60 శాతం పెరుగుతుంది. వ్యాసం మారకుండా చుట్లు పదో వంతు పెరిగితే 33 శాతం పెరుగుతుంది. మోటారు అతిగా వేడెక్కుతుంటే ముందు కాస్త చిన్న ప్రొపెల్లరు పెట్టి చూడాలి.

మోటార్లలో బ్రష్‌లున్నవి, లేనివి అని రెండు రకాలు. నిదానంగా పోయే సరుకు ఓడలకు, టగ్గులకు బ్రష్ మోటారు చాలు. ఖరీదు తక్కువ, అదుపు సులువు. మోటారు ఖాళీగా తిరిగే చుట్లలో ముప్పావు వంతుకు పైన పనిచేసేలా ప్రొపెల్లరును జతచేస్తే విద్యుత్తు వృథా కాదు. 12 వోల్టుల మోటారు మరీ వేగంగా తిరుగుతుంటే 6 వోల్టులతో నడిపితే చుట్లు సుమారు సగమవుతాయి. వేగంగా దూసుకెళ్లే పడవలకు బ్రష్‌లు లేని మోటారు మేలు. వాటిపై రాసే కేవీ సంఖ్య ఒక్కో వోల్టుకు ఎన్ని చుట్లో చెబుతుంది. 1,000 కేవీ మోటారు 11.1 వోల్టులకు ఖాళీగా 11,100 చుట్లు తిరుగుతుంది. పెద్ద సరుకు ఓడకు అది చాలా ఎక్కువ. తక్కువ కేవీ మోటారు దొరకకపోతే గేరు కావాలి. పొందూరు రాట్నంలో పెద్ద చక్రం నెమ్మదిగా తిరుగుతూ చిన్న కదురును వేగంగా తిప్పుతుంది. ఓడ గేరు చేసేది దానికి తలకిందుల పని. మూడింట ఒక వంతుకు చుట్లు తగ్గించిన గేరు, ఒరిపిడి నష్టం పోను, టార్క్‌ను సుమారు మూడింతలు చేస్తుంది.

పెద్ద ఓడ నీటిగీత దాకా దిగాలంటే ఎలాగూ అడుగున బరువు వేయాలి. ఆ చోట సీసపు బ్యాటరీ రెండు పనులూ చేస్తుంది. 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ రెండు ఆంపియర్లు వాడే ఓడను రెండు గంటలకు పైగా నడుపుతుంది. బ్రష్ మోటారుకు పెట్టే స్పీడ్ కంట్రోలర్, మోటారు బిగుసుకుపోయినప్పుడు లాగే కరెంటును కూడా తట్టుకోవాలి. ఉత్తరాంధ్ర చెరువుల్లో గుర్రపుడెక్క ప్రొపెల్లరుకు చుట్టుకుంటే ఆ పరిస్థితే వస్తుంది. కనుక ఫ్యూజు తప్పనిసరి. బ్రష్‌ల నిప్పురవ్వలు రేడియోను చెదరగొట్టకుండా మోటారు రెండు కొసల నుంచి దాని పై తొడుగుకు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు అతకాలి. ఉప్పునీటిలో నడిపిన ఓడ షాఫ్టును మంచినీటితో కడిగి గ్రీజు పెట్టాలి.

చివరి తీర్పు కొలతది. ఓడను తొట్టెలో కట్టి, పూర్తి వేగంలో కొన్ని నిమిషాలు నడిపి, ఆమీటరుతో కరెంటు చూడాలి. కదలని ఓడలో భారం ఎక్కువ కనుక, అక్కడ మోటారు తన పరిమితిలో నిలిస్తే చెరువులో భయం లేదు. ఇంత చిన్న యంత్రంలోనే వర్గమూలం, ఘనం, విద్యుత్తు, నీటి నిరోధం చేతికి తగులుతాయి. బడి పిల్లలకు భౌతికశాస్త్రం నేర్పడానికి ఇంతకంటే మంచి సాధనాలు కొద్దిగానే ఉంటాయి.